అలుగు పళ్ళు ఎటు పోయాయి?

ఒకప్పుడు నల్లమల అడవిలో, ఒంటినిండా పొలుసులుండే అలుగుకు నోటినిండా పళ్ళు కూడా ఉండేవి. రేగుపళ్ళు కొరికేది, గింజలు నమిలేది, ఇప్పపూలు ఏరుకుని తినేది. మధ్యమధ్యలో చెదపురుగుల్నీ నాకేది. ఆ రోజుల్లో చెదలు నేలమీదే, చెట్ల మొదళ్ళలోనే ఉండేవి.

చెదలు నాకడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. "అలుగమ్మా, నా మొదలంతా తినేస్తున్నాయి, రావే తల్లీ!" అని మద్దిచెట్టు పిలిచేది. ఆ పని అయ్యేలోపే వేపచెట్టు కబురు పెట్టేది. అడవంతా ఒకటే మాట: చెదలంటే అలుగే!

పొగిడితే ఎవరు కరగరు? అలుగు రేగుపొదల వైపు వెళ్ళడమే మానేసింది. ఒకరోజు నేరుగా అడవితల్లి దగ్గరికి వెళ్ళింది.

"తల్లీ, నాకు మూరెడు నాలుక కావాలి. చెదలు ఏ పగుల్లో దాక్కున్నా లాగేస్తాను."

"ఇస్తాను. కానీ అంత నాలుక పట్టాలంటే నోట్లో పళ్ళకు చోటుండదు."

పక్కనే తేనెపట్టు నాకుతున్న ఎలుగుబంటి ఉలిక్కిపడింది. "వద్దే అలుగూ! చెదలు నేనూ తింటాను. అలాగని పళ్ళు పీకించుకుంటానా?"

"నువ్వు పది పనులు చేస్తావు ఎలుగన్నా, ఒక్కటీ కుదురుగా చెయ్యవు. నిన్ను ఏ చెట్టయినా పేరు పెట్టి పిలిచిందా?"

ఎలుగుబంటి మళ్ళీ తేనెపట్టు వైపు తిరిగింది. నిజమే మరి, ఎవరూ పిలవలేదు.

పళ్ళు పోయాయి, నాలుక వచ్చింది. పేరు పదింతలైంది. కొన్నాళ్ళకు బిడ్డ పుట్టింది, తల్లిలాగే బోసినోటితో.

ఆ ఏడు వాన పట్టుకుని పదిహేను రోజులు వదల్లేదు. మొదళ్ళలోని చెదలు కొట్టుకుపోయాయి. మిగిలినవి నేల లోతుకు దిగి, పైన గట్టి పుట్టలు కట్టుకున్నాయి. అలుగును పిలిచే చెట్టే లేదు.

"అమ్మా, ఆకలే," అంది పిల్ల. తల్లి పాలు ఎండిపోయాయి.

ఎలుగుబంటి దుంప తెచ్చిపెట్టింది. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. అలుగు చప్పరించింది, అటూ ఇటూ దొర్లించింది. దుంప దుంపలాగే బయటికొచ్చింది.

అలుగు అడవితల్లి దగ్గరికి పరిగెత్తింది. "నా పళ్ళు నాకిచ్చెయ్ తల్లీ!"

"ఎప్పుడో ముళ్ళపందికి ఇచ్చేశానమ్మా."

"అందరూ మెచ్చుకున్నారు కదా! నా పనిలో తప్పేముంది?" అంది అలుగు.

"పనిలో తప్పు లేదు. అది ఎప్పటికీ ఉంటుందనుకున్నావు. సరే, నీ దగ్గర ఇంకేముంది?"

అలుగు తనను తాను చూసుకుంది. ముందుకాళ్ళకు గోళ్ళున్నాయి. ఇన్నాళ్ళూ వాటితో చేసిందల్లా పొలుసుల సందున గోక్కోవడమే.

వెళ్ళి పుట్టమీద పడింది. మొదటిరోజు గోరు విరిగింది. రెండోరోజు పిడికెడు మట్టి రాలింది. "అలా కాదే, లోపలికి వంచి లాగు," అని ఎలుగుబంటి చేసి చూపించింది. మూడోరోజు పుట్ట పగిలింది. సాయంత్రానికి అలుగుకు పాలు పడ్డాయి.

తాగుతూ తాగుతూ పిల్ల కళ్ళు మూసుకోబోయింది. "లే, ముందు ఇది చూడు," అని తల్లి దాన్ని తోకమీద ఎక్కించుకుని మళ్ళీ తవ్వడం మొదలుపెట్టింది.

అప్పటినుంచే అలుగు నోట్లో ఒక్క పన్నూ ఉండదు. ఎంత గట్టి పుట్టనైనా గోళ్ళతో తవ్వుతుంది. పాలు మరవని పిల్లనైనా సరే, తోకమీద ఎక్కించుకునే పనికి బయల్దేరుతుంది.