రెక్క చిరిగిన తుమ్మెద

వాగు ఒడ్డున గుమ్మడి పాదులు విరగబూశాయి. కానీ పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. పూలుండీ పిందె నిలవడం లేదంటే తుమ్మెదలు తగ్గాయని ఉడుతకు గుబులు పట్టుకుంది. గుమ్మడి కాయకపోతే వేసవిలో తనకు గింజలుండవు, గేదెకూ కుందేలుకూ తినడానికి గుజ్జుండదు. అందుకే అందరినీ బతిమాలి ఒక పద్ధతి పెట్టింది. ఎవరి దారిన వాళ్లు తిరుగుతూ, తుమ్మెద కనబడితే ఎండెక్కాక వచ్చి చెప్పాలి.

వాళ్లు చేరేది పడిపోయిన ఎండు మునగమాను దగ్గర. తుమ్మెదలు బొరియలు తొలిచి పిల్లల్ని పెట్టేది అందులోనే. దాని కింది సందులో కౌజు పిట్టలు కాపురముంటాయి. నక్క కన్ను వాటి మీద. మాను దొర్లించే బలం మాత్రం గేదెది.

ఆ రోజు గేదె వంగతోటలో చూశానంది, కుందేలు తంగేడు దగ్గర, కాకి పొట్లపందిరి మీద. అందరి మొహాలూ తేటపడ్డాయి. ఉడుత మాత్రం కాళ్ల దగ్గర రాలిన పిందెనే చూస్తోంది.

"విన్నావుగా గేదె వదినా, ఎటు చూసినా తుమ్మెదలే" అంది నక్క. "నిన్న మిట్టమధ్యాహ్నం గుమ్మడి పూల మీద గుంపే చూశాను. ఇక ఈ పుచ్చుమాను పోయినా నష్టం లేదు, దారికి అడ్డం. ఒక్క తోపు తోసెయ్."

గేదె కొమ్ము ఆనించింది. మాను కిర్రుమంది. ఉడుత ఒక్క గెంతున మానెక్కింది.

"ఆగు వదినా. నువ్వు చూసింది ఎలా ఉంది?"

"నల్లగా. తుమ్మెద ఇంకెలా ఉంటుందే?" గేదె కాసేపు నెమరేసింది. "ఎడమ రెక్క చివర చిరిగింది."

కుందేలు చెవులు నిక్కాయి. తను చూసిందీ అదేనంది. కాకి కూడా తనదీ అదేనని తలూపింది.

ఆ ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు. ముగ్గురూ చూసింది ఆ ఒక్కదాన్నే.

ఉడుత నక్క వైపు తిరిగింది. "గుమ్మడి పువ్వు పొద్దెక్కేసరికే ముడుచుకుంటుంది కదా బావా. ముడుచుకున్న పూల మీద మిట్టమధ్యాహ్నం నీ గుంపేం చేస్తోంది?"

 గేదె కొమ్ము మాను వదిలి నక్క వైపు తిరిగింది. వాగవతల ఏదో పనుందంటూ నక్క ఖాళీ కడుపుతో జారుకుంది.

ఉడుత బొరియకు చెవి ఆనించింది. చాలాసేపటికి లోపల సన్నగా ఝుమ్మని వినిపించింది. "ఉన్నాయి" అంది. ఎన్ని ఉన్నాయో, ఎన్నాళ్లుంటాయో ఎవరూ అడగలేదు. మర్నాటి నుంచి ఎక్కడ చూశారో చెప్పడమే కాదు, రెక్కలెలా ఉన్నాయో, ఏ పువ్వు మీదో, ఏ పూటో కూడా చెప్పుకున్నారు.

నీతి: మన కళ్లతో చూసిందైనా, పక్కవాడు చూసినదానితో సరిపోల్చుకున్నాకే నమ్మాలి.