ఎర్ర అక్షరాలు

అనగనగా వెదురుపొదల నడుమ ఒక అడవి ఉండేదట, పిల్లలూ. ఆ అడవిలో సుభద్ర అనే గోరింక తన కూతురు మువ్వతో ఉండేది. మువ్వ గుడ్డులోంచి బయటికి రాకముందే వాళ్ల నాన్న గాలివానలో చనిపోయాడు. గుడ్డు పక్కన కూర్చుని ఆయన పాడిన మూడు పాటలు మాత్రం ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నాయి. రోజూ పొద్దున్నే తల్లీకూతుళ్లు వాటిని వినేవాళ్లు.

ఒకరోజు సుభద్ర వాన కబురు చూద్దామని ఏదో వెబ్‌సైట్ తెరిచింది. తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయి. "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి. వెంటనే మా యాంటీవైరస్ వేసుకోండి" అని రాసి ఉంది.

సుభద్ర పక్కింటి తాబేలు కూర్మయ్యను పిలిచింది.

"ఇది ఉత్త బెదిరింపు తల్లీ," అన్నాడు కూర్మయ్య. "నీ కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. ఇలా వస్తే దేన్నీ నొక్కకు. మూసెయ్యి. మూతపడకపోతే కరెంటు ఆపెయ్యి."

మధ్యాహ్నం ఆ అక్షరాలు మళ్లీ వచ్చాయి. సుభద్ర మూసేసింది.

సాయంత్రం మూడోసారి వచ్చాయి. ఈసారి కంప్యూటర్ కుయ్యిమని మోగింది. "ఐదు నిమిషాల్లో మీవన్నీ చెరిగిపోతాయి. ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఉంది. కూర్మయ్య ఇంట్లో లేడు, వాగుకు వెళ్లాడు. సుభద్ర ఆగలేకపోయింది. ఫోన్ చేసింది.

అవతల మాట్లాడింది ఒక బావురుపిల్లి. గొంతు మెత్తగా ఉంది.

"భయపడకండమ్మా, నేను కంప్యూటర్ డాక్టర్‌ని. అందులో ముఖ్యమైనవి ఏమున్నాయి?"

"మా ఆయన పాటలండీ. ఆయన లేరు."

"అయ్యో. అయితే ఆలస్యం చేయకండి. తెర మీద కనిపిస్తున్న పచ్చ బటన్ నొక్కండి."

"అమ్మా, కూర్మయ్య తాతయ్య వచ్చేదాకా ఆగుదాం," అంది మువ్వ.

"అప్పటికి నాన్న గొంతు ఉండదే," అంది సుభద్ర. బటన్ నొక్కింది.

తెర మీద బాణం గుర్తు దానంతట అదే కదిలింది. చూస్తుండగానే పాటలన్నిటికీ తాళాలు పడ్డాయి.

"తాళం తీయాలంటే మీరు దాచుకున్న గింజలన్నీ వెదురుపొదల దగ్గర పెట్టండి," అంది బావురుపిల్లి.

సుభద్ర ఒక్క గింజ కూడా ఉంచుకోకుండా మోసుకెళ్లి పెట్టింది. బావురుపిల్లి వాటిని పట్టుకుపోయింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

కూర్మయ్య మూడు రోజులు కూర్చుని ప్రయత్నించాడు. తాళాలు తెరుచుకోలేదు.

"బాబాయ్, నేను నొక్కకముందు అందులో ఏ వైరసూ లేదా?" అని అడిగింది సుభద్ర.

"లేదమ్మా. నువ్వు నొక్కినప్పుడే వచ్చింది," అన్నాడు కూర్మయ్య.

మర్నాడు పొద్దున మువ్వ అలవాటుగా కంప్యూటర్ ముందు వాలింది. సుభద్ర పక్కన కూర్చుని తనే పాడింది. పాటల్లో మాటలన్నీ ఆమెకు గుర్తున్నాయి.

"ఇది నాన్న గొంతు కాదు కదమ్మా," అంది మువ్వ.

"కాదు తల్లీ," అని సుభద్ర పిల్లను రెక్క కిందికి తీసుకుంది. "నేనే పోగొట్టాను."

నీతి: భయపెట్టి తొందరపెట్టేవాళ్ల మాట విని ఏదీ నొక్కకూడదు, ఎంత భయమేసినా, మన మేలు కోరేవాళ్లను అడిగేదాకా ఆగాలి.