తీగ దింపిన రోజు

"ఆకుతోటకు పోదమా అక్కా,
అవిసె నీడలు తొక్కుదమా,
పచ్చాకు పైనా, పండాకు కిందా..."

అక్కడికి పాట ఆగిపోయింది. నాలుగో ముక్క అచ్చియ్యమ్మకి రాలేదు.

చిన్నప్పుడు తల్లి పక్కన తమలపాకులు కోస్తూ నేర్చుకున్న పాట. యాభై ఏళ్ళుగా గొంతులో ఉన్నదే. అలాంటిది గురువారం సాయంత్రం భజనలో, అందరి ఎదటా, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. వెనక వరసలోంచి సత్తెవతి, "పుస్తకంలో రాసిపెట్టుకుంటే ఈ తిప్పలుండవు కదా పెద్దమ్మా!" అంది. మంచికే అంది పాపం. అయినా అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే అచ్చియ్యమ్మ భజనలో వాయించే తన తాళాల జత కొంగున కట్టుకుని నూకయ్య స్వామి దగ్గరికి వెళ్ళింది. ఆ భజన కూటానికి ఆయనే గురువు. మఠం లేదు, గద్దె లేదు. తమలపాకు తోటలోనే ఆయన ఉండడం, తినడం. ఆవేళ ఒక అవిసె చెట్టు మొదట్లో గొయ్యి తవ్వుతున్నారు.

"ఇవి మీ దగ్గరే ఉంచండి స్వామీ. ఇంక నేను పాడను."

"నా చేతులు మట్టిగా ఉన్నాయమ్మా. అక్కడ పెట్టు."

గట్టు మీద పెట్టింది.

"బడి అరుగు మీద పంతులమ్మ పెద్దవాళ్ళకి అక్షరాలు చెబుతోందిట. వెళ్ళరాదూ?" అన్నారు ఆయన తవ్వుతూనే.

"అరవై దగ్గరపడ్డాక పలక పట్టుకుని నేల మీద కూర్చోమంటారా? నా వెనక పాడే పిల్లలందరూ అక్కడే ఉన్నారు. ఇంత పైకొచ్చినదాన్ని..."

స్వామి తలెత్తి చూశారు. ఆమెని కాదు, అవిసెకి పాకిన తీగని. అది అచ్చియ్యమ్మ నాటిన తీగ. ఏటా తోటలో తీగలన్నీ కిందికి దింపి మళ్ళీ పాకిస్తారు. పోయినేడు దీన్ని మాత్రం ఆమె దింపనివ్వలేదు, బతిమాలి ఆపింది. ఇప్పుడు తోటలో దాని అంత ఎత్తు మరొకటి లేదు.

"ఒక్క ఆకు కోసుకురా."

నిచ్చెన ఎక్కి కోసుకొచ్చింది. చంటిపిల్ల అరచేయంత ఉంది. పలచగా, పాలిపోయి.

"దాహంగా ఉన్నట్టుంది స్వామీ. తడి పెట్టలేదా?"

"నిన్ననే పెట్టాను. నీళ్ళేమో ఇక్కడ, ఆకేమో అక్కడ. మధ్యన ఆకులు కోసేసిన ఈ బోడి కాడంతా ఎక్కాలి. పైన ఆకు ఎండలో వండుకున్నది వేరుకీ పెట్టాలి కదా? అదీ అంత దూరం దిగి రావాలి."

అచ్చియ్యమ్మ కాడని తడిమింది. గణుపు గణుపుకీ చిన్న వేళ్ళు చెట్టు బెరడుని కరుచుకుని ఉన్నాయి. "దారి పొడుగునా వేళ్ళున్నాయిగా!"

"అవి పట్టుకోడానికి. తాగడానికి కావు."

అంటూనే నారకట్లు ఒక్కొక్కటీ విప్పేశారు. తీగ జారింది.

"అయ్యో, విరిగిపోతుంది!"

"అయితే పట్టుకో."

పసిపిల్లని ఎత్తుకున్నట్టు తీగ కొసని భుజాన వేసుకుని నిలబడిందామె. బోడి కాడనంతా స్వామి గోతిలో చుట్టగా చుట్టారు. మన్ను కప్పబోతూ ఆగి, ఆమె వేలు పట్టుకుని ఒక గణుపు మీద పెట్టారు.

"ఇక్కడేముండేది?"

"ఆకు. నేనే కోశాను."

"ఇక్కడ?"

"ఇక్కడా ఆకే స్వామీ."

మన్ను కప్పేశారు. నిచ్చెన వేస్తేగాని అందని తీగ ఇప్పుడు ఆమె మోకాలి దగ్గరుంది. చూస్తే ఏడుపొచ్చింది.

"నేనేం చెయ్యాలి ఇప్పుడు?"

"తడి ఆరనివ్వకు."

రోజూ చెంబుతో వచ్చి పోసి వెళ్ళేది. తాళాలు గట్టు మీదే ఉండేవి. వాటి వంక చూసేది కాదు. నెల తిరిగేసరికి కొత్త ఆకు విప్పుకుంది. దాని వెనక అరచెయ్యి ఆనిస్తే చెయ్యి కనపడలేదు. ఆత్రం పట్టలేక వేలితో మన్ను కాస్త గీకింది. ఎప్పుడో ఆకు కోసిన గణుపు దగ్గర తెల్లగా, దారప్పోగుల్లా వేళ్ళు! ఎంత చిత్రమో! మళ్ళీ మన్ను కప్పి, తాళాలు కొంగుతో తుడిచి తీసుకుంది.

ఆ సాయంత్రం బడి అరుగు మీద సత్తెవతి కాస్త జరిగి, "ఇలా రా పెద్దమ్మా, బలపం నా దగ్గర ఇంకోటుంది" అంది.

వానలు పడేవేళకి స్వామి మంచం పట్టారు. అచ్చియ్యమ్మ ఒక కాగితం తీసుకెళ్ళింది. పెద్ద పెద్ద వంకర అక్షరాలు. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పాటలోని మూడు ముక్కలు చదివింది.

"నాలుగోది ఇంకా రాలేదు స్వామీ."

ఆయన చెయ్యి చాచి ఆమె వేలు పట్టుకున్నారు. మూడో ముక్క కింద, ఏమీ రాయని చోట పెట్టారు.

"తడి ఆరనివ్వకు తల్లీ" అన్నారు.