దొర కిటికీలో అవ్వ పొగ

అనగనగా సముద్రాల అవతల, ఇంగ్లాండులో ఒక ఊరు. పేరు టిల్‌కూమ్. నవ్వకే, మన ఊరి పేరు చెబితే వాళ్ళూ నవ్వుతారు! నలభై గడ్డికప్పు ఇళ్ళు, ఒక రాతి చర్చి, వీధి నడుమ మెట్ల దిమ్మె మీద ఒక రాతి సిలువ. ఊరి చివర డోర్కస్ అవ్వ ఉండేది. ఆవిడ, ఒక పొయ్యి, మూడు తేనెటీగల బుట్టలు. అంతే సంసారం.

ఎదురుగా గుట్ట మీద ఆంబ్రోస్ దొర మేడ కట్టుకున్నాడు. ఊరి నేలంతా ఆయనదే. మేడకి ఇంత పొడుగు కిటికీ పెట్టించి, అందులోంచి చూసి, "ఆరేసిన బట్టలు కనబడుతున్నాయి, తీయించండి" అన్నాడు. తీసేశారు పాపం. ఆ తర్వాత "బాతులు కనబడుతున్నాయి" అన్నాడు. తోలేశారు. మూడోసారి ఏమన్నాడో తెలుసా? "ఊరు కనబడుతోంది, తీసేయండి" అన్నాడు!

అవునే, ఊరే! ఆ దేశంలో ఉండే మీ పిన్ని నన్నక్కడికి తీసుకెళ్ళి చెప్పినప్పుడు నేనూ నీలాగే నోరు తెరిచాను.

అప్పుడు అవ్వ గుడిసె తప్ప ఇళ్ళన్నీ కూలగొట్టించి, జనాన్ని గుట్ట అవతలికి పంపేశాడు. అక్కడ వేరే ఇళ్ళు కట్టించాడులే, కానీ పుట్టిన గడప అవుతుందా? చర్చిని మాత్రం ముట్టుకోలేకపోయాడు. సిలువ పీకించి, దిమ్మె వదిలేసి, వీధి మీదికి వాగు మళ్ళించి చెరువు చేయించాడు. చూడ్డానికి అందంగా ఉంటుందట. వాడి అందం తగలెయ్య!

డోర్కస్ అవ్వ కదల్లేదు. అక్కడొక ఆచారం ఉంది. ఇంట్లో చావైనా, పెళ్ళైనా, ఇల్లు మారినా బుట్ట మీద మూడుసార్లు తట్టి తేనెటీగలకి చెప్పాలి. చెప్పకపోతే అలిగి ఎగిరిపోతాయని నమ్మకం. "పొమ్మంటున్నారని వాటికి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు దొరా" అంది అవ్వ. "సరే, తేనె తీసేదాకా ఉండు. మర్నాడు నీ గుడిసె కూలుస్తా" అన్నాడు దొర.

తేనె తీసేసింది. మర్నాడు పొద్దున్న కూలీలు ఇంకా రాలేదు. గుడిసె కూలుతుంటే చూద్దామని దొర కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏం కనబడిందనుకున్నావు? ఆయన ఆరేళ్ళ కూతురు లెటీ చెరువు గట్టు మీద జారి, దభీమని నీళ్ళలో పడింది! అయ్యో, అయ్యో! మేడ నుంచి చెరువుకి గుట్టంతా దిగి రావాలి. "ఎవరైనా పట్టుకోండి!" అని దొర గొంతు చించుకున్నాడు. ఎవరున్నారని? ఊరి జనాన్నంతా తనే పంపేశాడాయె.

పిల్ల కేక అవ్వ ఒక్కతే విన్నది. ఆవిడకి ఈత రాదు. కానీ నీళ్ళ అడుగున వీధి ఎటు పోతుందో తెలుసు. మెడలోతు నీళ్ళలో నడిచి, సిలువ దిమ్మె మెట్లు కాలితో వెతుక్కుని, పైకెక్కి నిలబడి, అటు కొట్టుకొచ్చిన పిల్ల జడ పట్టుకుని లాగేసింది.

దొర రొప్పుతూ వచ్చాడు. పిల్లని గుండెకి హత్తుకుని భోరుమన్నాడు. "ఏం కావాలో అడుగు అవ్వా, ఇచ్చేస్తా" అన్నాడు.

"మా వాళ్ళ ఇళ్ళు మాకిచ్చెయ్" అంది అవ్వ.

దొర చెరువు కేసి చూశాడు. ముంచేసిన గడపల్ని ఎక్కణ్ణుంచి తెస్తాడమ్మా?

"తేలేవు కదూ? అయితే నా పొయ్యి పొగ రోజూ నీ కిటికీలో కనబడాలి. చూస్తూ ఉండు" అంది అవ్వ. ఆ తర్వాత తడి గౌనుతోనే వెళ్ళి, ఒక్కో బుట్ట మీదా మూడుసార్లు తట్టి, "పిల్ల బతికిందర్రా. మనం ఎక్కడికీ పోవడం లేదు" అని చెప్పింది.

ఇప్పటికీ అక్కడ చెరువుంది, ఒంటరి చర్చి ఉంది, మేడ కిటికీకి సరిగ్గా ఎదురుగా ఆ గుడిసె ఉంది. దాన్ని కూల్చే ధైర్యం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరికీ రాలేదు.

ఈగ గూటికి, పొగ మింటికి,
కథ కంచికి, కునుకు మన కంటికి!