నడిగీత మీద నిలిచిన గుండ్లదిన్నె ఊపిరమ్మ

అమ్మను చూడ వచ్చినవారు ముందు నాకు ఒక మాట చెప్పండి. లోపలికి వచ్చి ఏం చూశారు? గుడి చూశామని అనకండి. ఇక్కడ గుడి లేదు. గోపురం లేదు, గంట లేదు, హుండీ అసలే లేదు. మీరు చూసింది చెడుగుడు బరి. దాని నడిగీత మీద, సరిగ్గా ఆటగాళ్ళ కాళ్ళకు అడ్డం వచ్చే చోట, మోకాలెత్తు నల్లరాతి అమ్మవారు. కాస్త పక్కకు జరిపి మండపం కట్టించవచ్చు కదా అని సలహా చెప్పి వెళ్ళినవారు చాలామంది. ఆ సలహా మాకు అక్కర్లేదు. అమ్మ అక్కడ ఎందుకుందో తెలిస్తే మీరూ ఆ మాట అనరు.

ఈ నేల గుండ్లదిన్నె ఊపిరమ్మ ఆటల సంఘానిది. సంఘమంటే ఊరే. పొద్దున చెడుగుడు, సాయంత్రం కర్రబిళ్ళ. ఆడేవారికి జీతం లేదు, ఆడించేవారికీ లేదు. గీతలకు సున్నం పోసేది పాలకేంద్రం నడిపే మా కోడలు వరసామె. ఆడపిల్లల జట్టుకు పట్టు నేర్పేది బస్సు కండక్టరు, డ్యూటీ దిగి చొక్కా మార్చకుండానే వస్తాడు. జట్టు గెలిచి వస్తే ఊళ్ళో వంట ఉంటుంది. ఓడి వచ్చినా ఉంటుంది, ఆ రోజు నెయ్యి ఇంకొంచెం ఎక్కువ వేస్తారు. మధ్యలో ఒకసారి ఈ నేలను గోదాములకు ఇచ్చేయాలని పైనుంచి మాట వచ్చింది. మండుటెండలో బరిలోనే కూర్చున్నాం. ఆడవాళ్ళు ఇక్కడే పొయ్యి పెట్టారు. లాఠీ దెబ్బలు తిన్న వీపులు ఊళ్ళో ఇంకా ఉన్నాయి. ఈ నేల ఎవరో దయతలచి వదిలిపెట్టింది కాదు, అది గుర్తుంచుకుని అడుగు పెట్టండి.

పూర్వం ఇక్కడ మా గుండ్లదిన్నెకూ అవతలి ఎర్రవంకకూ కలిపి ఒక్కటే కొండ ఉండేది. దాని మీది గడ్డి ఏ ఊరిదో ఏటేటా ఉగాది దాటాక చెడుగుడు ఆడి తేల్చుకునేవారు. గెలిచిన ఊరి మందలకే ఆ ఏడు గడ్డి. బరి మధ్యలో, గీతకు అటూ ఇటూ జానెడు పొడుచుకుని, ఒక నల్లబండ నేలలో పాతుకుని ఉండేది. కూతకు వెళ్ళేవాడు దాన్ని మడమతో ఒక్క తన్ను తన్ని బయలుదేరేవాడు. అలా తంతే కూత తెగదని రెండు ఊళ్ళ నమ్మకం. బండను తాకితే గీతను తాకినట్టే లెక్క.

సుంకన్న అనే గొర్రెల కాపరి కరువు దెబ్బకు ఎక్కడినుంచో భార్యనూ మందనూ తోలుకుని వచ్చి, ఊరివాళ్ళ పొలాల్లో ఎరువు కోసం మంద కట్టుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. ఏళ్ళు గడిచాయి. అయినా ఊరికి అతను వచ్చినవాడే. అతని పొట్టేలు బరి దాటేటప్పుడు ఆ బండ మీద కాలు పెట్టేది కాదు, చుట్టూ తిరిగి పోయేది. సుంకన్న ఈ సంగతి చెబితే అందరూ నవ్వారు. "నీ పొట్టేలుకు ఆట రాదులేరా" అన్నారు.

ఒక ఏడు వానలు పూర్తిగా ముఖం చాటేశాయి. ఆట ఓడితే గడ్డి లేదు, గడ్డి లేకపోతే ముందుగా ఊరు దాటించేది వచ్చినవాడి మందనే. ఇది సుంకన్నకూ తెలుసు, అతని భార్య నరసక్కకూ తెలుసు. పోటీ ముందు రోజు సాయంత్రం కర్రబిళ్ళ ఆడుతుండగా బిళ్ళ లేచి వచ్చి, ఊరిలో గట్టి ఆటగాడైన బాలోజీ కనుబొమ్మను చీల్చింది. జట్టులో ఒక మనిషి తగ్గాడు.

సుంకన్న ఊరిపెద్ద తిమ్మారెడ్డి దగ్గరికి వెళ్ళి, తాను ఆడతానన్నాడు.

"గొర్రెలు కాసుకోరా సుంకా. ఊరి తరఫున కూత పెట్టాలంటే ఊళ్ళో పుట్టాల" అన్నాడు తిమ్మారెడ్డి.

వెనకే వచ్చిన నరసక్క ఊరుకోలేదు. "మా గొర్రెల ఎరువుతో పండిన జొన్నలు తినేటప్పుడు అడగలేదేం రెడ్డీ, ఈ ఎరువు ఏ ఊళ్ళో పుట్టిందని?"

తిమ్మారెడ్డి తలుపు వేసుకున్నాడు. ఆ రాత్రి అతనికి కలలో ఒక ముసలమ్మ కనిపించింది. ఒళ్ళంతా మడమల ముద్రలు. "నేనూ ఇక్కడ పుట్టలేదు నాయనా. వరదలో కొట్టుకొచ్చి నీ గీత మీద బోర్లా పడ్డాను. తన్నితే ఓర్చుకుని మీ కూతలకు ఊపిరి పోశాను. నన్ను కూడా పొమ్మంటావా?" అని అడిగింది.

తెల్లవారకముందే తిమ్మారెడ్డి గడ్డపార పట్టుకుని బరికి పరుగెత్తాడు. ఊరు కదిలి వచ్చింది. బండను తిరగవేశారు. కింద అమ్మవారి రూపం, కూత మధ్యలో ఉన్నట్టు కొంచెం తెరిచిన నోరు. ఇన్నేళ్ళూ తన్నింది ఎవరినో అప్పుడు తెలిసింది. గట్టు మీద చెట్టు కింద పెడదామని ఒకరు అన్నారు. తిమ్మారెడ్డి ఒప్పుకోలేదు. "పడిన చోటే నిలబెట్టండి. పక్కన పెడితే మన తప్పు మనమే మరిచిపోతాం" అన్నాడు. తరవాత సుంకన్న చెయ్యి పట్టుకుని జట్టులో నిలబెట్టాడు.

ఆట మొదలైంది. గుండ్లదిన్నె వాళ్ళు ఒక్కొక్కరే బయటికి పోయారు. చివరికి ఎర్రవంక వైపు ఇద్దరు మిగిలారు, మా వైపు సుంకన్న ఒక్కడు. అతను కూతకు వెళ్ళాడు. చెడుగుడు అనలేదు, "గుండ్లదిన్నె గుండ్లదిన్నె" అంటూ వెళ్ళాడు. ఆ ఇద్దరూ మీద పడి నడుమూ కాళ్ళూ బిగించి పట్టారు. ముఖం నల్లబడింది, కూత సన్నబడింది గాని తెగలేదు. ఈడ్చుకుంటూ వచ్చి చెయ్యి చాచాడు. వేళ్ళు గీత దాకా అందలేదు. అమ్మ పాదానికి అందాయి.

"గీత తగల్లేదు, రాయి తగిలింది" అని ఎర్రవంక వాళ్ళు లేచారు. అందరూ వాళ్ళ జట్టు పెద్ద చెన్నప్ప వైపు తిరిగారు. గీత తగిలినట్టేనని ఒప్పుకుంటే అతని ఊరికి ఆ ఏడు గడ్డి లేదు. అతను అమ్మ వైపు చూసి తన వాళ్ళతో అన్నాడు.

"నిన్నటిదాకా రాయేగా. అప్పుడు దాన్ని ముట్టుకుంటే గీత ముట్టుకున్నట్టే లెక్క పెట్టుకుంటిమి. ఈ పొద్దు అమ్మ అయిందని లెక్క మార్చేదా? ఓడినాం. పదండి."

తిమ్మారెడ్డి తలపాగా తీసి సుంకన్న వైపు తిరిగాడు. "ఈ గడ్డి నువ్వు తెచ్చినావు. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

సుంకన్నకు ఇంకా ఊపిరి అందలేదు. ఆగి ఆగి అన్నాడు. "సగం వాళ్ళకివ్వు రెడ్డీ. వాళ్ళ గొర్రెలకూ కడుపులే ఉండేది."

ఆనాటినుంచి అమ్మ ఊపిరమ్మ అయింది. తన్నిన పాపానికి నేటికీ మా ఆటగాళ్ళు అమ్మ పాదాలకు నూనె రాసి గాని బరిలో దిగరు. పోటీ రోజున మొదటి దీపం వెలిగించేది ఎదుటి ఊరి జట్టు పెద్దే. తగాదా వస్తే అతని మాటే చివరిది. ఈ పద్ధతి వల్ల మేము ఓడిన పందేలు ఉన్నాయి. మార్చలేదు, మార్చం. ఆయాసపడే పిల్లలను తెచ్చి ఈ నూనె రొమ్ముకు రాయించుకుంటారు. రాయించండి, డాక్టరుకూ చూపించండి. అమ్మ వద్దనదు.

ఇంకొకటి ఉంది. ఊరికి కొత్తగా ఎవరు బతకడానికి వచ్చినా, కోడలైనా, టీచరైనా, ఇటుకబట్టీ కూలీ అయినా, బరి చివర నిలబడి ఊరి పేరు చెబుతూ ఒక్క ఊపిరిలో పరుగెత్తి అమ్మను తాకాలి. తాకితే మా మనిషి. ఆ తరవాత ఏ ఊళ్ళో పుట్టావని అడిగినవాడికి సంఘం వంటలో విస్తరి వేయరు. ఊపిరి చాలక గొంతు తడబడితే గట్టు మీదున్న ఊరంతా ఆ పేరు అందుకుంటుంది. ఎవరి కూతా తెగనివ్వరు.

ఇంత దూరం వచ్చారు, చెప్పులు విప్పి బరి చివర నిలబడండి. గుండెనిండా ఊపిరి తీసుకోండి. మీరైతే ఏ ఊరి పేరుతో పరుగెత్తుతారు?