ఏడు గుమ్మాల అంగడి

వెనకటికి ఒకానొక కొండ రాజ్యాన్ని రణభైరవుడనే రాజు ఏలుతూ ఉండేవాడు. ఆ సీమలో చలి ఎక్కువ, గొర్రెలు ఎక్కువ. అందుచేత కంబళ్లు నేసేవాళ్లూ ఎక్కువే. నేసిన కంబళ్లన్నీ రాజుగారి అంగడిలోనే అమ్మాలని కట్టడి.

అంగడి బాగానే సాగేది. ఒకరోజు కంబళి కొన్నవాణ్ని గుమస్తా, మోసుకుపోవడానికి తాడు కూడా ఇమ్మంటారా అని అడిగాడు. అతను సంతోషంగా తీసుకున్నాడు. ఆ సంగతి మంత్రి సుబుద్ధిరాయుడి చెవిన పడింది. ఒక మాట అడిగితే ఒక వస్తువు పోయినప్పుడు, ఏడు మాటలు అడిగితే ఏడు వస్తువులు పోతాయని ఆయన రాజుగారికి విన్నవించాడు. రాజుగారికి ఆ ఆలోచన అమోఘంగా తోచింది.

అంగడికి వరసగా ఏడు గుమ్మాలు కట్టించారు. కంబళి కొన్నవాడు ప్రతి గుమ్మం దగ్గరా ఆగాలి. మొదటి గుమ్మంలో తాడు, రెండో గుమ్మంలో ఇంకో కంబళి, మూడో దాంట్లో పట్టు అంచు, ఆపైన దిండు, తివాసీ, అత్తరు, చివర కంబళి కప్పుకునే విధానం మీద ఒక పండితుడి ఉపన్యాసం. వద్దన్నవాడు ఎందుకు వద్దో చెప్పి వేలిముద్ర వేస్తే గాని తలుపు తెరవరు.

పొద్దున కంబళికని వెళ్లిన మనిషి బయటపడేసరికి పొద్దు వాలేది. నాలుగు నెలలు తిరక్కుండానే జనం కొండ దిగి పక్క రాజ్యంలో కొనుక్కోవడం మొదలుపెట్టారు. అక్కడి కంబళ్లు ముతకవి. అయినా గుమ్మం ఒకటే.

కొలువులో పేరయ్య అనే హాస్యగాడు ఉండేవాడు. నేతపని చేసే ఎల్లమ్మ అతని దగ్గరికి వచ్చి, మగ్గం ఆగి నెల దాటిందనీ, ఉన్న నాలుగు గొర్రెలూ అమ్మేశామనీ చెప్పింది. "రాజుగారికి నువ్వొక్క మాట చెప్పు నాయనా," అంది. ఆ పూట పేరయ్యకు ముద్ద దిగలేదు.

మర్నాడు కొలువులో ఇదే చర్చ. వచ్చేవాళ్లు తగ్గారు కాబట్టి వచ్చిన ప్రతివాణ్నీ ఇంకా ఎక్కువ అడగాలని మంత్రి వాదన. ఎన్ని గుమ్మాలన్నదే తేలాలి. జ్యోతిష్కుడు గ్రహాలను బట్టి తొమ్మిదన్నాడు. ఇంకొకాయన రాశులను బట్టి పన్నెండన్నాడు. కొనేవాడు ఎన్నింటిదాకా ఓర్చుకుంటాడని మాత్రం ఒక్కరూ అడగలేదు. పేరయ్య లేచి, శనివారం దాకా గడువిస్తే సరైన లెక్క తాను తేలుస్తానన్నాడు.

"తేల్చలేకపోతే?" అన్నాడు రాజు.

"నా తల ప్రభువులది."

శనివారం రాజుగారికి తలంటు. పనివాడు నురగ వచ్చేదాకా తల రుద్ది, పేరయ్య బతిమాలినందుకు భయపడుతూనే పక్కకు తప్పుకున్నాడు. నీళ్ల గంగాళం దగ్గర పేరయ్య నిలబడ్డాడు. కుంకుడు రసం రాజుగారి కళ్లలోకి దిగింది.

"నీళ్లు," అన్నాడు రాజు, కళ్లు గట్టిగా మూసుకుని.

"సిద్ధం ప్రభూ. ఒక్క చెంబు చాలదేమో, రెండోది కూడా పొయ్యమంటారా?"

"పొయ్యి, పొయ్యి."

"చిత్తం. అందులో నాలుగు గులాబీ రేకులు వెయ్యమంటారా?"

"వద్దు. ముందు నీళ్లు పొయ్యి."

"వెండి చెంబుతోనా ప్రభూ, బంగారు చెంబుతోనా?"

పేరయ్య గొంతు అంగడి గుమస్తా గొంతులాగే తియ్యగా ఉంది. ఆ తర్వాత వట్టివేళ్ల సంగతి అడిగాడు. వద్దంటే ఎందుకు వద్దో సెలవియ్యమన్నాడు. వేలిముద్ర వెయ్యమని పలక ముందుకు చాపాడు.

రాజు ఇక ఆగలేకపోయాడు. గోడ తడుముకుంటూ పెరట్లోకి వెళ్లి, చేతికి మొదట తగిలిన తొట్టిలో తల ముంచాడు. అది కుడితి తొట్టి. తవుడూ తెలగపిండీ గడ్డానికి అంటుకుని పైకి లేచిన రాజును చూసి గేదె రెండడుగులు వెనక్కి వేసింది.

రాజు కత్తి తెమ్మన్నాడు. పేరయ్య పారిపోలేదు. చెంబెడు మంచినీళ్లు తెచ్చి రాజుగారి కళ్లు కడిగి, చేతికందే దూరంలో గంగాళం నిండా నీళ్లుండగా ఏలినవారు కుడితి దగ్గరికి ఎందుకు వెళ్లారని అడిగాడు.

"ఇక్కడ నన్నెవడూ ఏమీ అడగలేదు గనక," అన్నాడు రాజు.

"మన జనం కూడా అందుకే కొండ దిగుతున్నారు ప్రభూ."

రాజు గడ్డం తుడుచుకుంటూ, మరి లెక్క ఎంత తేలిందన్నాడు.

"ఒకటి. రెండో చెంబు పనికొచ్చేది గనక తమరు వెంటనే పొయ్యమన్నారు. గులాబీ రేకుల దగ్గర విసుక్కున్నారు. ఆపైన నా తల తీయిద్దామనుకున్నారు."

రాజు గేదె వైపు ఒకసారి, తన గడ్డం వైపు ఒకసారి చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కంకణం తీసి పేరయ్యకు తొడిగాడు. ఆరు గుమ్మాలు పీకించి ఆ కలపతో ఎల్లమ్మ వాళ్లకు కొత్త మగ్గాలు చేయించాలని పేరయ్య కోరితే, అదీ సరేనన్నాడు.

చలి ముదిరేలోగా కొండ మీద మగ్గాలన్నీ మళ్లీ ఆడాయి. అంగట్లో తాడొక్కటే అడిగేవారు, వద్దంటే నవ్వి దారిచ్చేవారు. మంత్రి సుబుద్ధిరాయుడు మాత్రం ఆనాటి నుంచి తలంటుకు కూర్చుంటే నీళ్ల చెంబు ముందే ఒళ్లో పెట్టుకునేవాడట.