సంతకం పెట్టిన నక్క

తన ముక్కు పనిచేయదన్న సంగతి రోజీ ఎవరి దగ్గరా నోరు విప్పి చెప్పలేదు. ఆరేళ్ళు పట్నంలో అపార్ట్‌మెంటు గేటు ముందు, పొగలో, మురికికాలువ పక్కన కాపలా కాసిన కుక్క మరి. విసుగెత్తి పల్లెకు వచ్చేసింది. చూపు ఆనక పని మానుకున్న ముసలి కుక్క గంగులు స్థానంలో, ఒక జామతోటలో కోళ్ళ కాపలాకు కుదిరింది.

లోటు కప్పిపుచ్చుకోవడానికి గేటు దగ్గర ఒక పుస్తకం పెట్టింది. లోపలికి వచ్చేవాళ్ళంతా సంతకం పెట్టాల్సిందే.

“పొద్దున పెట్టాను కదే పిల్లా! మళ్ళీనా?” అన్నాడు ఎద్దు రాముడు.

“ఎవర్నీ నమ్మకూడదు మావా. పట్నం పద్ధతి.”

కోడిపెట్ట పుల్లమ్మ మెడ వంచి చూసింది. “మా గంగులు మావ ఒక్కసారి మూతి ఎత్తి వాసన చూసి వదిలేసేవాడు. నువ్వు చూడవేమే?”

“మొహం మీదే వాసన చూస్తే మర్యాదగా ఉండదు పిన్నీ.”

పుల్లమ్మకు ఆ మర్యాద మీదే అనుమానం.

ఒక సాయంత్రం, కోడిపిల్లలు గంప కిందికి చేరే వేళ, గొంగడి ముసుగేసుకుని నక్క వచ్చింది.

“ఎవరది?”

“గొర్రెను తల్లీ. పుస్తకం ఏదీ? ఇంత కట్టుదిట్టం ఈ చుట్టుపక్కల ఎక్కడుంది!”

రోజీ పొంగిపోయింది. నక్క తీరుబడిగా పేరు, ఊరు రాసింది. వచ్చిన పని దగ్గర ‘చుట్టపు చూపు’ అని రాసి, సంతకం పెట్టి లోపలికి నడిచింది.

గంప ఎత్తితే ఒక్క పిల్లా లేదు! వెనక్కి తిరిగేలోగా రాముడి కొమ్ము డొక్కలో తగిలింది. గొంగడి వదిలేసి, కుయ్యోమంటూ కంచె దూకింది నక్క.

రాముడి ముందున్న గడ్డిలోంచి పదకొండు తలలు పైకి లేచాయి.

“గాలికి నక్క కంపు నాకే కొట్టింది. అది రాసుకుంటుంటే పిల్లల్ని ఇక్కడికి తోలుకొచ్చా. రాముడు మావ పాపం గడ్డి ముట్టలేదు,” అంది పుల్లమ్మ. “మొన్న ఎండుచేపల బుట్ట పక్కనే కూచుని ‘ఏం వండుతున్నారు’ అన్నావు చూడు, అప్పుడే అనుకున్నా. నీకు వాసన తెలీదు కదూ?”

రోజీ తల దించుకుంది. “తెలీదు పిన్నీ. చెబితే మళ్ళీ పట్నం తోలేస్తారనుకున్నా.”

“చెప్పకపోతే నా పిల్లలు ఏమయ్యేవాళ్ళే!”

రాముడు నెమరు ఆపాడు. “నీకు ముక్కు లేదు, గంగులుకి కళ్ళు లేవు. పక్కూళ్ళో కూతురింట్లో ఊరికే కూచున్నాడు. మీ ఇద్దరూ కలిస్తే నిండుగా ఒక కుక్క అవుతారు.”

రోజీ పుస్తకం మూసేసింది. గంగులుకి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, రమ్మని అడగాలని ఎట్టకేలకు నిశ్చయించుకుంది.

అయినవాళ్ళ దగ్గర దాచిన లోటే దొంగకి తలుపు తీస్తుంది.